కొత్త కెర్నల్‌ని ముందు ఒక్కసారికే బూట్ చేసి చూడండి

చేతికందని (దూరంగా ఉన్న) డెబియన్, ఉబుంటు లినక్స్ సర్వర్లలో కొత్త కెర్నల్‌ని, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగాన్ని, నేరుగా డిఫాల్ట్ చేయొద్దు. గ్రబ్ (ఏ కెర్నల్‌ని బూట్ చేయాలో చూసే ప్రోగ్రామ్) సెట్టింగుల ఫైల్లో డిఫాల్ట్ విలువని 'సేవ్డ్' అని మార్చి, కెర్నల్ లైన్‌కి 'పానిక్=10' చేర్చి, అప్‌డేట్-గ్రబ్ నడపండి. బాగా నడుస్తున్న పాతదాన్ని గ్రబ్-సెట్-డిఫాల్ట్‌తో, కొత్తదాన్ని ఒక్కసారికి మాత్రం గ్రబ్-రీబూట్‌తో ఎంచుకుని రీస్టార్ట్ చేయండి. కొత్తది పానిక్ అయితే (కోలుకోలేని లోపంతో ఆగిపోతే) 10 సెకన్లకు తనే రీబూటై పాతదాంట్లోకి వచ్చేస్తుంది. కెర్నల్ లేచి నెట్‌వర్క్ డ్రైవర్ ఒక్కటే లేవకపోతే మాత్రం హోస్టింగ్ ప్యానెల్లోని పవర్ రీసెట్టే గతి.

ఒక మెలిక: బూట్ డైరెక్టరీ ఎల్‌వీఎం (డిస్కుల్ని లాజికల్ భాగాలుగా పంచే పద్ధతి) మీద ఉంటే, ఆ 'ఒక్కసారి' గుర్తుని గ్రబ్ చెరపలేదు. చెడ్డ కెర్నల్‌లోకే మళ్లీ మళ్లీ పోతుంది.

పాత కెర్నల్స్ తీసేసే ముందు 'యూనేమ్ -ఆర్' కొట్టి, ఇప్పుడు నడుస్తున్నది ఏదో చూసుకోండి.