కదిలే కారులోంచి చక్కని ఫొటోలు తీయడం ఎలా?

హైదరాబాద్ నుంచి శ్రీశైలానికో, వరంగల్‌కో ఇంటిల్లిపాదీ కారులో బయలుదేరితే దారి పొడవునా ఫోన్లన్నీ కిటికీల దగ్గరే ఉంటాయి. తీరా చూసుకుంటే సగం ఫొటోల్లో అలుక్కుపోయిన డివైడర్ మొక్కలు, మిగతా సగంలో అద్దంలో పడిన మన ముఖాలు! ఖరీదైన ఫోను కొన్నంత మాత్రాన ఇది మారదు. ముందు చూసుకోవలసింది అద్దం. తరువాత, తీస్తున్నది ఎంత దూరంలో ఉందన్నది. కెమెరా సంగతి ఆ తరువాతే.

ఇదంతా స్టీరింగు పట్టని వారికే. నడుపుతూ ఫోను చేతిలోకి తీసుకుంటే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మొదటిసారికే 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చు, జైలు శిక్షకూ అవకాశం ఉంది.

ముందు రోజే అద్దాల పని

అద్దాలను బయటి నుంచి అందరూ కడుగుతారు. లోపలి వైపు ఎవరికీ పట్టదు. ఎండలో నిలిపిన కారులో ప్లాస్టిక్ వదిలే ఆవిరి, దేవుడి బొమ్మ ముందు వెలిగించే అగరుబత్తి పొగ కలిసి అక్కడ పలచని జిడ్డు పొర కడతాయి. మామూలుగా అది కంటికి ఆనదు. ఎండ ఎదురుపడగానే మాత్రం ఫొటో మొత్తం పాలు ఒలికినట్టు తెల్లబారుతుంది. తడి గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో ఇంకోసారి తుడిస్తే చాలు.

డ్యాష్‌బోర్డు మీది కాగితాలు, పార్కింగ్ చీటీలు, టిష్యూ డబ్బా తీసేయండి. అవన్నీ ముందు అద్దంలో ప్రతిబింబిస్తాయి. కిటికీ పక్కన కూర్చునేవారు తెల్ల చొక్కా వేసుకోకపోవడం మంచిది, అద్దంలో ముందుగా కనిపించేది అదే. ముదురు రంగు చున్నీ ఒకటి దగ్గర పెట్టుకోండి. ఫోనును అద్దానికి వేలెడు దూరంలో పట్టుకుని, చుట్టూ ఉన్న సందును ఆ చున్నీతో మూస్తే లోపలి వెలుతురు అద్దం మీద పడదు. ఫోనును అద్దానికి ఆనించకండి, మోచేతిని తలుపు మీద మోపకండి. కారు అదురు నేరుగా ఫొటోలోకి వస్తుంది. మోచేతులు ఒంటికి ఆనించుకుంటే ఆ అదురును శరీరమే మింగేస్తుంది.

పెద్ద కెమెరా ఉన్నవారు ప్రతిబింబాలు పోవడానికి లెన్సుకు పోలరైజర్ అనే ఫిల్టరు బిగిస్తుంటారు. ముందు అద్దం దగ్గర అది పనికొస్తుంది. పక్క అద్దాలను వేడిచేసి గట్టిపరుస్తారు కాబట్టి, పోలరైజర్‌లోంచి చూస్తే వాటిలో రంగురంగుల మచ్చలు తేలుతాయి. అక్కడ తీసేయండి. పక్క అద్దాలు కనీసం 50 శాతం వెలుతురును లోపలికి రానివ్వాలని నిబంధన. అంటే నిబంధనకు లోబడిన అద్దం కూడా వెలుతురులో సగం దాకా మింగేయవచ్చు. సాయంత్రం ఫొటోలు మసకబారడానికి ఇదీ ఒక కారణం.

ఏ సీటు?

ఎండ ఎటు ఉందో చూసి కూర్చోండి. శ్రీశైలం దారి దక్షిణంగా సాగుతుంది. ఉదయం ఎండ ఎడమ వైపు నుంచి వస్తుంది కాబట్టి కుడి కిటికీలోంచి కనిపించే కొండలు నిండు వెలుగులో ఉంటాయి. సాయంత్రం తిరుగు ప్రయాణంలోనూ కుడి వైపే మేలు. ఎదురుగా వచ్చే లారీలు అడ్డుపడడం ఒక్కటే దానితో చిక్కు. విజయవాడ దారి మరీ అన్యాయం, పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగొస్తే రెండుసార్లూ ఎండ డ్రైవరు కళ్లలోనే. అప్పుడు పక్క కిటికీలే దిక్కు.

వేగం లెక్క

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు 22 మీటర్లు కదులుతుంది. షట్టర్ సెకనులో వందో వంతు తెరుచుకుంటే ఆలోపే కారు 22 సెంటీమీటర్లు జరిగిపోతుంది. వెయ్యో వంతు అయితే 2 సెంటీమీటర్లే. కాబట్టి ఫోనులో సెట్టింగులను మనమే మార్చుకునే ప్రో మోడ్ ఉంటే షట్టర్ స్పీడు 1/1000 దగ్గర పెట్టి, ఐఎస్ఓను, అంటే వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకెను, ఆటోలో వదిలేయండి. ఫోకస్‌ను చేతితో మార్చుకునే వీలుంటే పర్వతం గుర్తు వైపు జరపండి, లేకపోతే ఫోను అద్దం మీది మరకను పట్టుకుని కూర్చుంటుంది. ప్రో మోడ్ లేకపోయినా పట్టపగలు ఫోను తనంతట తానే వేగంగా తీస్తుంది. చీకటి పడ్డాక నైట్ మోడ్ మాత్రం ఆపేయండి, దానికి కదలని చెయ్యి కావాలి.

ఎంత చేసినా రోడ్డు పక్కనే ఉన్నవి చెదిరిపోతాయి, వాటి మీద ఆశ వదులుకోండి. దూరంగా ఉన్నవి నెమ్మదిగా కదిలినట్టుంటాయి కాబట్టి స్పష్టంగా వస్తాయి. వరంగల్ దారిలో భువనగిరి కోట ఉన్న ఏకశిల కొండ ఇందుకు తగిన గురి, చాలా ముందు నుంచే కనిపిస్తుంది. హైదరాబాద్ చుట్టూ దొంతులు పేర్చినట్టున్న గ్రానైట్ గుండ్లు కూడా అంతే. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి రాయి అది! కాకపోతే 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు మీద ఫొటో కోసం కారు ఆపకూడదు. గుండు కనిపించాక ఫోను తీస్తే ఆలస్యమైనట్టే. ముందే సిద్ధంగా ఉండి, అది చట్రంలోకి వస్తుండగా వరుసగా నాలుగైదు తీయండి.

శ్రీశైలం దారిలో వచ్చే నల్లమల అడవిలో పద్ధతి వేరు. చెట్ల నీడ, మలుపులు, తక్కువ వేగం. అక్కడ 1/500 సరిపోతుంది. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక పులుల అభయారణ్యం కాబట్టి దిగి ఫొటోలు దిగే పని పెట్టుకోకండి. కోతులు కనిపిస్తే అద్దం దించకండి, అవి ముందు లాక్కునేది చేతిలోని వస్తువునే. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఆ దారి మూసి ఉంటుంది, వెలుతురుతో పాటు ఆ సమయాన్నీ లెక్క వేసుకోండి.

పిల్లలను సన్‌రూఫ్‌లోంచి నిలబెట్టి తీసే ఫొటోలు చూడ్డానికి బాగానే ఉంటాయి. ఒక్క బ్రేకు చాలు, ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. వారి ఫొటోలు సీటు బెల్టు పెట్టుకుని, కిటికీ వైపు తిరిగి పులిహోర తింటున్నప్పుడు తీయండి. పక్క నుంచి పడే ఆ వెలుగు ఏ స్టూడియోలోనూ దొరకదు.

బసకు చేరిన రాత్రే కూర్చుని ఒక్కో దృశ్యానికి ఒకటి ఉంచి మిగతావి తీసేయండి. వంగిన కొండలను సరిచేసి, కింద అలుక్కుపోయిన రెయిలింగును కత్తిరించండి. బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టేటప్పుడు ఫొటోను డాక్యుమెంట్‌గా జత చేస్తే నాణ్యత తగ్గకుండా వెళ్తుంది.