వ్యానులో ఇంజిన్ మార్పిడి – నాలుగవ పాఠం: సైలెన్సర్ అదురును తగ్గించడం

గత పాఠంలో కొత్త ఇంజిన్‌ను ఫౌండేషన్ రబ్బర్ల మీద కూర్చోబెట్టి, గేర్‌బాక్స్‌ను వరుసలోకి తెచ్చాం. ఇప్పుడు ఇంజిన్ బాగానే తిరుగుతున్నా, ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ నొక్కకుండా ఊరికే తిరుగుతున్నప్పుడు, సీటు కింద రేకు అదురుతూ, కాజీపేట ఫాతిమానగర్ వంతెన ఎక్కుతూ యాక్సిలరేటర్ నొక్కినప్పుడు అడుగున గరగరమని చప్పుడు వస్తుంటే, అనుమానించవలసింది ఇంజిన్ పొగను వెనక్కి తీసుకుపోయే సైలెన్సర్ లైనునే.

ముందుగా దోషం ఏ వైపు ఉందో తేల్చుకోవాలి. ఖాళీ రోడ్డు మీద బండి పోతుండగా క్లచ్ నొక్కి ఇంజిన్‌ను ఐడిల్‌కు దింపినప్పుడు అదురు మారిపోతే అది ఇంజిన్‌కు సంబంధించినది. మారకపోతే గేర్‌బాక్స్ నుంచి వెనుక చక్రాలను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టును, చక్రాలను చూడాలి.

పాత ఇంజిన్‌తో లేని అదురు కొత్తదానితో ఎందుకు వచ్చిందనే ప్రశ్నకు లెక్కలో జవాబు దొరుకుతుంది. నాలుగు సిలిండర్ల ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్ ఒక్కో చుట్టుకు రెండుసార్లు పేలుతుంది కనుక, నిమిషానికి 900 చుట్ల ఐడిల్‌లో సెకనుకు 30 పోట్లు పడతాయి. దాని స్థానంలో మూడు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ పెట్టి 800 చుట్ల దగ్గర ఉంచితే సెకనుకు 20 పోట్లే పడతాయి గాని, ఒక్కో పోటు బలంగా ఉంటుంది. పాత పైపు పొడవు, బరువు, దాన్ని బాడీకి వేలాడదీసే రబ్బరు హ్యాంగర్ల మెత్తదనం కలిసి ఆ 20కి దగ్గరగా ఊగే గుణం కలిగి ఉంటే, చిన్న పోటు కూడా పెద్ద ఊపుగా మారుతుంది.

ఇక్కడ పట్టుకోవలసిన సూత్రం ఒక్కటే: లైనులో వంగగలిగే ముక్క అయిన ఫ్లెక్సిబుల్ పైపుకు ముందున్న భాగం ఇంజిన్‌ది, వెనుకనున్న భాగం బాడీది, ఏ ముక్కనూ రెండింటికీ బిగించకూడదు. సిలిండర్ల పొగను ఒకచోట చేర్చే మ్యానిఫోల్డ్ నుంచి దిగే బెండ్ పైపుకు ఆసరా కావాలంటే గేర్‌బాక్స్ నుంచే పట్టీ ఇవ్వాలి. అప్పుడే ఇంజిన్ ఊగితే అదీ కలిసి ఊగుతుంది. అదురుతోంది కదా అని పైపును చాసిస్‌కు ఇనుప పట్టీతో వెల్డింగ్ చేయించడం మన షెడ్లలో మామూలే గాని, నా దృష్టిలో అంతకంటే చెడ్డ వైద్యం లేదు; అదురు నేరుగా బాడీలోకి పోవడమే కాక, కొన్నాళ్లకు మ్యానిఫోల్డ్ దగ్గర పగులు వస్తుంది. ఆ పగులు నుంచి కారే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ క్యాబిన్‌లోకి చేరితే ప్రాణాపాయం.

ఫ్లెక్సిబుల్ పైపు బరువు మోయడానికి కాదు. చల్లగా ఉన్నప్పుడు అది సాగకుండా, నొక్కుకోకుండా, వంకర లేకుండా నిలిచేలా వెనుక హ్యాంగర్లు సైలెన్సర్ బరువంతా మోయాలి. బిగించేటప్పుడు క్లాంపులన్నీ వదులు చేసి, లైనును దాని సహజ స్థితిలో నిలవనిచ్చి, ఇంజిన్ వైపు నుంచి వెనక్కి ఒక్కొక్కటిగా బిగించుకుంటూ పోవాలి. ఉక్కు వేడికి సాగుతుంది: రెండు మీటర్ల పైపు 300 డిగ్రీలు వేడెక్కితే సుమారు 7 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు హ్యాంగర్ల కింది కొస కొద్దిగా ముందుకు వాలి ఉండేలా పెడితే, వేడెక్కాక నిటారుగా వస్తాయి.

తరువాత పరీక్ష. బండిని జాకీ మీద మాత్రమే నమ్మి కిందికి దూరకండి, స్టాండ్లు తప్పనిసరి. పక్కనుంచి టార్చి వేసి చూస్తుండగా మరొకరిచేత ఇంజిన్ స్టార్ట్ చేయించి, ఆపించండి. ఆగే క్షణంలోనే ఇంజిన్ బాగా ఊగుతుంది, ఆ ఊపులో పైపు చాసిస్ అడ్డదూలానికి (క్రాస్ మెంబరు) తగలకూడదు. తగిలినచోట తుప్పు రాలి వెండిలా మెరిసే గీత ఉంటుంది. చుట్టూ రెండు, రెండున్నర సెంటీమీటర్ల ఖాళీ ఉంటే మంచిది.

ఇంకా అదురు మిగిలితే, ఐడిల్ నుంచి మెల్లగా ఇంజిన్ వేగం పెంచుతూ అదురు ఎక్కువయ్యే వేగాన్ని రాసుకోండి. పైపు చల్లారాక సైలెన్సర్ వెనుక కొస దగ్గర రెండు కిలోల ఇనుపముక్కను క్లాంపుతో బిగించి, మళ్లీ అలాగే చూసి ఆ వేగాన్నీ రాసుకోండి. బరువు లేనప్పటికంటే తక్కువ వేగానికి అది జరిగితే, పైపు స్వభావంలోనే ఊపు ఉన్నట్టు. హ్యాంగరును కొంచెం అటూ ఇటూ జరిపి లేదా రబ్బరు గట్టిదనం మార్చి, ఆ వేగాన్ని మీరు సాధారణంగా నడపని చోటికి తోయాలి. ఆ రెండు అంకెలూ దగ్గర ఉంచుకోండి, అయిదవ పాఠంలో హ్యాంగరు స్థానం లెక్కగట్టడానికి అవే కావాలి.