ఇగ్వానా పెంపకంలో చిక్కులు: కొనేముందు చూడవలసినవి, కొన్నాక సరిదిద్దవలసినవి

పచ్చ ఇగ్వానాకు, అంటే ఇళ్ళల్లో పెంచుకునే పెద్ద విదేశీ బల్లికి, ఒంట్లో బాగాలేదని నన్ను అడిగేవారిలో ఎక్కువమంది ఇంటర్మీడియట్ చదివే పిల్లలు. ఫోటో పంపుతారు, ఏ మందు వేయాలో చెప్పమంటారు. నేను మందు సంగతి పక్కనపెట్టి రెండు ప్రశ్నలు అడుగుతాను. దాని ఒంటిమీద అద్దం అడ్డులేని ఎండ చివరిసారి ఎప్పుడు పడింది? ఎండలో ఉండే యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలను ఇచ్చే ట్యూబు లైటు కొని ఎన్ని నెలలయింది? ఈ రెండింటికీ తడుముకోకుండా జవాబు చెప్పినవారిని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. తిండి మారుస్తారు, కాల్షియం పొడి చల్లుతారు, నులిపురుగుల మందు కూడా పోస్తారు. రెండు నిమిషాల్లో తేలిపోయే ఈ పరిశీలన మాత్రం చేయరు. అది చూసి చూసి మనసు నొచ్చి ఇది రాస్తున్నాను.

ఎత్తుకోవడం, నీళ్ళు మార్చడం, గూడు శుభ్రం చేయడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. ఇంకా కొనలేదంటే మొదటి రెండు చిక్కులు మీకోసమే. అవి కొన్నాక తీరేవి కావు.

లక్షణం: ఏడాది తిరగకముందే గూడు చాలడం లేదు

కారణం: కొన్న రోజున అది జానెడే ఉంది. గుడ్డులోంచి వచ్చిన ఇగ్వానా పిల్ల తోకతో కలిపి జానెడుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అరచేతిలో చిగురాకులా మెరిసే ఆ పిల్లను చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. మూడు నాలుగేళ్ళలో అది నాలుగైదు అడుగులవుతుంది. మగవి కొన్ని ఆరడుగుల దాకా పెరుగుతాయి. అందులో మూడింట రెండు వంతులు తోకే, కానీ ఆ తోక తిరగడానికీ చోటు కావాలి. బరువు 4 నుంచి 6 కిలోలు. బాగా చూసుకుంటే 15 నుంచి 20 ఏళ్ళు బతుకుతుంది. చిన్న గూట్లో పెడితే చిన్నగానే ఉండిపోతుందని అమ్మేవాళ్ళు చెబుతుంటారు. నమ్మకండి. ఎదుగుదల ఆగిపోయిన ఇగ్వానా అంటే జబ్బుపడిన ఇగ్వానా అని అర్థం.

పరిష్కారం: దుకాణానికి వెళ్ళేముందు టేపు తీసుకుని ఇంట్లో గోడ కొలవండి. ఇది మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లో చెట్లమీద బతికే జంతువు. దానికి పొడవు ఎంత ముఖ్యమో ఎత్తూ అంతే ముఖ్యం. ఆరడుగుల ఎత్తు, ఆరడుగుల పొడవు, మూడడుగుల లోతు ఉన్న గూడు కావాలి. ఇంట్లో బీరువా కంటే పెద్దది.

ఆ తరువాత అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడండి. ఈ రెండేళ్ళూ మీరు చూసుకుంటారు, సరే. ఇంటర్ అయ్యాక ఇంజనీరింగో మరొకటో చదవడానికి హాస్టలుకు వెళతారు. అప్పుడు అయిదడుగుల జంతువుకు రోజూ ఆకులు తరిగి పెట్టవలసింది మీ అమ్మ. ఆమెకు అది ఇష్టమేనా అని కొన్నాక కాదు, ముందే అడగాలి. ఇంట్లో అయిదేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు, వృద్ధులు ఉంటే సాల్మొనెల్లా సంగతీ చెప్పండి. ఆరోగ్యంగా కనిపించే ఇగ్వానా నుంచి కూడా ఆ బ్యాక్టీరియా సోకుతుంది. దాని గిన్నెలు వంటింటి సింకులో కడగకూడదు, ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఇవన్నీ కుదరకపోతే బియర్డెడ్ డ్రాగన్ అనే చిన్న బల్లిని చూడండి. అది 45 నుంచి 60 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది, సాధుస్వభావం, మనిషికి త్వరగా అలవాటు పడుతుంది. పెద్ద బల్లి కావాలన్న కోరిక తప్పు కాదు. ఆ కోరికను మొదటి జంతువుతోనే తీర్చుకోవాలనుకుంటేనే కష్టాలు మొదలవుతాయి.

లక్షణం: కొన్నాక కాగితాలు లేవని తెలిసింది

కారణం: కొనేటప్పుడు అడగలేదు. పచ్చ ఇగ్వానా అంతర్జాతీయ వన్యజీవుల వ్యాపార ఒప్పందం, అంటే సైటీస్, రెండో అనుబంధంలో ఉంది. 2022లో మన వన్యప్రాణి సంరక్షణ చట్టానికి చేసిన సవరణతో ఇలాంటి విదేశీ జంతువులు నాలుగో షెడ్యూలులోకి వచ్చాయి. 2024 నిబంధనల ప్రకారం వీటిని పెంచుకునేవారు కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. జంతువు చేతులు మారినా, పిల్లలు పెట్టినా, చనిపోయినా తెలియజేయాలి. అమ్మే మనిషి దగ్గర నమోదు పత్రం లేకపోతే అక్కడినుంచి వెనక్కి వచ్చేయండి.

ఉడుము పిల్ల చవకగా ఇస్తామని ఎవరైనా అంటే అసలు మాటే కలపకండి. మన దేశపు ఉడుములన్నీ 1972 నాటి చట్టంలో మొదటి షెడ్యూలు జంతువులు. ఇంట్లో ఉంచుకోవడమే నేరం.

పెంచలేక చెరువు గట్టున వదిలేయాలన్న ఆలోచన వస్తే దాన్ని అక్కడే ఆపండి. అమెరికాలోని ఫ్లోరిడాలో పెంపుడు ఇగ్వానాలు తప్పించుకుని, కొన్నింటిని మనుషులే వదిలి, అవి కాలువగట్లను తవ్వేసేంతగా పెరిగాయి. 2021లో ఆ రాష్ట్రం వాటిని నిషేధిత జాబితాలో పెట్టింది. అక్కడి తెలుగు కుటుంబాల పిల్లలు ఇప్పుడు కొత్తగా ఇగ్వానాను తెచ్చుకోవడానికి వీల్లేదు.

లక్షణం: వేళ్ళు అదురుతున్నాయి, కొమ్మ ఎక్కలేకపోతోంది, తొడలు మాత్రం లావయ్యాయి

నా మొదటి ఇగ్వానాను ఈ కారణంవల్లే పోగొట్టుకోబోయాను, కాబట్టి దీన్ని తీరిగ్గా చెబుతాను.

దాని గూడు బాల్కనీ పక్కన, అద్దాల తలుపు ముందు ఉండేది. రోజూ ఉదయం మూడు గంటలపాటు ఎండ పడేది. కళ్ళు మూసుకుని, పొట్ట నేలకు ఆనించి హాయిగా పడుకునేది. హైదరాబాదులో ఎండకు కొదవేమిటి అనుకున్నాను. నాలుగైదు నెలలకు వెనక తొడలు గుండ్రంగా తేలాయి. తిండి ఒంటబట్టిందని సంబరపడి, ఇంటికి వచ్చినవారికి చూపించాను కూడా. ఒక సాయంత్రం కొమ్మ ఎక్కబోయి జారిపడింది. మర్నాడు చూస్తే ముందుకాళ్ళ వేళ్ళు వాటంతటవే అదురుతున్నాయి. కింది దవడను మెల్లగా నొక్కితే రబ్బరులా వంగింది. ఎక్స్‌రేలో తొడ ఎముక పలుచని నీడలా ఉంది, ఒకచోట విరిగి ఉంది. నేను కండ అనుకున్నది కండ కాదు. ఎముకలో కాల్షియం తరిగిపోతే, ఆ బలహీనతను పూడ్చడానికి శరీరం ఎముక చుట్టూ నారలాంటి కణజాలాన్ని పేరుస్తుంది. ఆ వాపునే నేను బలం అనుకున్నాను.

కారణం: యూవీబీ అందకపోవడం. సూర్యకాంతిలో 290 నుంచి 315 నానోమీటర్ల మధ్య ఉండే కిరణాలు చర్మంమీద పడితేనే ఇగ్వానా ఒంట్లో విటమిన్ డి3 తయారవుతుంది. డి3 లేకపోతే తిన్న కాల్షియం పేగుల్లోంచి రక్తంలోకి చేరదు. గుండెకు, కండరాలకు కాల్షియం తప్పనిసరి కాబట్టి శరీరం దాన్ని ఎముకల్లోంచి లాగుతుంది. అందుకే గిన్నె నిండా కాల్షియం పొడి చల్లినా జబ్బు తగ్గదు.

ఈ కారణం దొంగలాంటిది, ఎందుకంటే బయటికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. కిటికీ అద్దం వెలుతురును, వేడిని రానిస్తుంది, యూవీబీని మాత్రం దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ రేకు కూడా చాలావరకు అంతే. యూవీబీ ట్యూబు అయితే ఇంకా మోసం చేస్తుంది. ఆరు నెలలనుంచి ఏడాదిలోగా దాని యూవీబీ పడిపోతుంది, కానీ మన కంటికి కనిపించే వెలుగు తగ్గదు. రెండేళ్ళ ట్యూబు కొత్తదానిలాగే తెల్లగా వెలుగుతుంది. గూడు పైన సన్నని దోమతెరలాంటి జాలీ ఉంటే ఉన్న యూవీబీలోనూ చెప్పుకోదగ్గ భాగం అక్కడే ఆగిపోతుంది. ఇవి కాక, సరీసృపాల బల్బు అని అమ్మేవాటిలో చాలా వట్టి వేడి బల్బులు. ఊదారంగు బల్బుల్లో యూవీబీ ఉండదు. క్రిములను చంపే యూవీసీ దీపాన్ని పొరపాటున పెడితే కళ్ళు, చర్మం కాలిపోతాయి.

కాబట్టి ముందు లేచి వెళ్ళి చూడండి. పెట్టెమీద యూవీబీ అని, 5 లేదా 10 శాతం అని రాసి ఉందా? ఎప్పుడు పెట్టారు? జంతువుకూ ట్యూబుకూ మధ్య అద్దంగానీ, ప్లాస్టిక్‌గానీ, జాలీగానీ ఉందా? ఎంత దూరంలో ఉంది? "బల్బు వెలుగుతోందండీ" అన్నది ఈ ప్రశ్నల్లో దేనికీ జవాబు కాదు.

పరిష్కారం: పేరున్న తయారీదారుది పొడుగాటి యూవీబీ ట్యూబు తీసుకోండి. ఎంత దూరంలో పెట్టాలో దాని పెట్టెమీదే ఉంటుంది, ఆ దూరాన్నే పాటించండి. ఎండ కాచుకునే కొమ్మకు నేరుగా పైన, వేడి బల్బు పక్కనే బిగించండి. డి3 తయారీకి ఒంటి వెచ్చదనమూ అవసరం. రోజుకు 12 గంటలు వెలగాలి. ట్యూబు చివర చిన్న కాగితం అంటించి, పెట్టిన తేదీ రాయండి. తేదీ లేని ట్యూబును నేను పాతదిగానే లెక్కిస్తాను. యూవీ సూచికను కొలిచే మీటరు ఖరీదైనదే, కానీ పెంపకందారులు నలుగురు కలిసి ఒకటి కొనుక్కుంటే ఏళ్ళతరబడి పనికివస్తుంది.

అన్నిటికంటే మంచిది అసలైన ఎండే. జాలీ గూట్లో పెట్టి డాబామీదికి తీసుకువెళ్ళండి, అద్దాల పెట్టెలో మాత్రం వద్దు. ఎండలో అద్దాల పెట్టె నిమిషాల్లో పొయ్యిలా వేడెక్కి జంతువును చంపేస్తుంది. సూర్యుడు బాగా కిందికి ఉన్నప్పుడు యూవీబీ చాలా తక్కువ, కాబట్టి తెల్లవారగానే వచ్చే ఎండతో పని జరగదు. మామూలు రోజుల్లో ఎనిమిదిన్నర, పది గంటల మధ్య అరగంటో గంటో చాలు. గూట్లో సగం నీడ, తాగడానికి నీళ్ళు ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో ఎండలో పెట్టకండి. ఆకాశం బాగా కనిపించే నీడలో పెట్టినా కొంత యూవీబీ అందుతుంది.

తిండిలో మందార ఆకులు, పూలు, మల్బరీ ఆకులు, మునగాకు ముఖ్యంగా ఉండాలి. పాలకూర, తోటకూర రోజూ పెట్టకండి. వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టి ఉంచేస్తాయి. గుడ్డు, మాంసం అసలే వద్దు, మూత్రపిండాలు పాడవుతాయి.

అదురు మొదలైందంటే ఇంటి వైద్యం దాటిపోయింది. కొమ్మలు తీసేసి, కింద మెత్తని గుడ్డ పరచి, అదే రోజు సరీసృపాలను చూసే పశువైద్యుల దగ్గరికి తీసుకువెళ్ళండి. డి3 చుక్కలు మీకు మీరే వేయకండి, ఎక్కువైతే అదీ విషమే. అలాంటి వైద్యులు మన ఊళ్ళల్లో చాలా తక్కువ. రాజేంద్రనగర్‌లోనో, తిరుపతిలోనో, గన్నవరంలోనో ఉన్న పశువైద్య కళాశాలల్లో ఎవరైనా చూస్తారేమో, జంతువును కొనకముందే కనుక్కుని పెట్టుకోండి. నా ఇగ్వానా బతికింది. దవడ మాత్రం వంకరగానే ఉండిపోయింది, ఇప్పటికీ ఆకులు సన్నగా తరిగి పెట్టాలి.

కొనేవారు ఈ జబ్బును దుకాణంలోనే పట్టుకోవచ్చు. పిల్లను వేలిమీద ఎక్కించుకోండి. గోళ్ళతో గట్టిగా పట్టుకోవాలి. నడిచేటప్పుడు పొట్ట నేలకు రాసుకోకూడదు. దవడ రెండువైపులా సమంగా ఉండాలి, వేళ్ళు అదరకూడదు. మీ ఎదుటే దానికి ఆకు తినిపించమని అమ్మేవాళ్ళను అడగండి. జాలిపడి నీరసంగా ఉన్నదాన్ని తెచ్చుకోవడం మొదటిసారి పెంచేవారికి తగని పని.

లక్షణం: తినడం మానేసింది, అదురు మాత్రం లేదు

కొత్త ఇంటికి వచ్చిన వారం పది రోజులు ఇది మామూలే. ఆ తరువాతా తినకపోతే థర్మామీటరు చూడండి. ఎండ కాచుకునే చోట 35 నుంచి 38 డిగ్రీలు లేకపోతే తిన్నది అరగదు. డిసెంబరు రాత్రుల్లో గూడు 24 డిగ్రీల కిందికి జారకుండా వెలుగులేని సిరామిక్ హీటరు పెట్టండి. కరెంటుతో వేడెక్కే రాళ్ళు వద్దు, పొట్ట కాలుతుంది. పెద్ద ఆడ ఇగ్వానా తినకుండా నేల గీరుతుంటే గుడ్లు పెట్టబోతోందేమో చూడండి. మగది లేకపోయినా గుడ్లు పెడతాయి. తవ్వుకోవడానికి తడిమట్టి తొట్టి ఇవ్వండి. నీరసపడితే ఆలస్యం చేయకుండా వైద్యుల దగ్గరికి.

లక్షణం: తోక చివర, వేళ్ళు నల్లబడుతున్నాయి

ఊడని పాత చర్మం ఉంగరంలా బిగిసి రక్తాన్ని ఆపుతోంది. గాలిలో తేమ 70 శాతం దాకా తీసుకురండి, గోరువెచ్చని నీళ్ళల్లో నానబెట్టండి. పొర మెత్తబడేదాకా లాగకండి.

లక్షణం: మచ్చికైన మగ ఇగ్వానా కరుస్తోంది

ఒళ్ళు నారింజరంగుకు తిరిగితే అది జోడు కట్టే కాలం. కొన్ని వారాలు ముఖం దగ్గరికి తెచ్చుకోకండి. మిగతా కాలాల్లో కూడా పైనుంచి చేయి చాచకండి. దాని నడినెత్తిన వెలుగునీడలను గుర్తించే మూడో కన్ను ఉంటుంది, పైనుంచి నీడ పడితే గద్ద అనుకుంటుంది. పక్కనుంచి, కనబడుతూ వెళ్ళండి.

నులిపురుగులు, నోటి పుండ్లు, ఊపిరితిత్తుల జబ్బు వంటివీ ఉంటాయి. పైవన్నీ చూశాకే వాటి గురించి ఆలోచించండి. గూటి గోడమీద తెల్లని పొడి చూసి కంగారుపడి ఫోను చేసేవారూ ఉన్నారు. ఇగ్వానా ఒంట్లో ఎక్కువైన ఉప్పును తుమ్మి బయటికి పంపుతుంది. తడిగుడ్డతో తుడిచేయండి.