ఇంటి కుక్క ఆరోగ్యం – ఐదో పాఠం: మళ్లీ ఊపిరి లెక్క, ఆపైన చిగుళ్ళు

ఈ పాఠంలో చిగుళ్ళ పరీక్ష నేర్పుతానని కిందటిసారి రాశాను. నేర్పుతాను. అయితే ముందుగా నాలుగో పాఠం తెచ్చిపెట్టిన గందరగోళాన్ని తేల్చుకోవాలి. నిద్రలో ఉన్న కుక్క నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తుందో లెక్కపెట్టి పంపమన్నాను. ఒకరి పొమేరేనియన్‌కు 44, ఇంకొకరి లాబ్రడార్‌కు 52, ఒక పగ్‌కు ఏకంగా 160 వచ్చాయి. పంపినవారిలో చాలామంది హడలిపోయారు. అంకెల పక్కన మీరు రాసిన వివరాలు చదివితే, ఆ కుక్కల్లో ఎక్కువ భాగం హాయిగా తిని తిరుగుతున్నాయి. తేడా లెక్కలో ఉంది.

మొదటి తేడా అన్నింటికంటే తేలికైనది. పక్కటెముకలు పైకి లేచి కిందికి దిగితే, ఆ రెండూ కలిపి ఒక ఊపిరి. లేచినప్పుడు ఒకటి, దిగినప్పుడు ఇంకొకటి అని లెక్కపెడితే 22 కాస్తా 44 అవుతుంది. ప్రశాంతంగా పడుకున్న కుక్కకు 40కి పైగా వచ్చిందంటే ముందు ఈ పొరపాటు జరిగిందేమో చూసుకోండి. పైకి లేచినప్పుడు మాత్రమే లెక్కపెట్టండి, దిగేటప్పుడు పట్టించుకోకండి.

రెండోది, రొప్పును లెక్కపెట్టడం. నోరు తెరిచి, నాలుక వేలాడేసి రొప్పుతున్న కుక్క నిమిషానికి 200 దాటి కూడా గాలి పీల్చగలదు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల అడుగున కొంచెం పడుతుంది అంతే. అందుకని ఒంట్లో వేడిని తడి నాలుక మీదుగా, నోటి మీదుగా గాలి ఆడించి బయటికి పంపుతుంది. మే నెల మధ్యాహ్నం విజయవాడలో ఏ కుక్కను చూసినా చేసేది ఇదే. ఆ 160 అంకె పగ్ ఎండలో నడిచి వచ్చిన పావుగంటకు తీసినది. దానితో గుండె గురించి గానీ ఊపిరితిత్తుల గురించి గానీ ఏమీ తెలియదు. నోరు మూసుకుని, కళ్ళు మూసుకుని, చల్లని చోట నిద్రపోతున్నప్పుడు తీసిన అంకె ఒక్కటే నాకు పంపండి.

అలాగని రొప్పును పక్కన పడేయమని కాదు. దాన్ని అంకెగా కాకుండా ప్రవర్తనగా చూడాలి. ఎండ, పరుగు, ఇంటికి వచ్చిన మనిషిని చూసిన సంబరం, ఇవన్నీ మామూలు కారణాలు. దీపావళి రాత్రి తలుపులన్నీ మూసి ఏసీ వేసినా రొప్పుతోందంటే అది భయం. దాంతోపాటు ఆవులింతలు, పెదవులు నాక్కోవడం, చెవులు వెనక్కి అతికినట్టు ఉండటం, కంటి అంచున తెల్లగుడ్డు కనబడటం కూడా గమనిస్తారు. స్టెరాయిడ్ మందులు వాడుతున్న కుక్క కూడా ఎక్కువగా రొప్పుతుంది, ఆ మాట వైద్యుడికి గుర్తు చేయండి. ఇవేవీ లేకుండా, చల్లని గదిలో, ఒక ముసలి కుక్క అర్ధరాత్రి లేచి రొప్పుతూ, పడుకున్న చోటు మార్చి మార్చి పడుకుంటుంటే నేను ముందు అనుమానించేది నొప్పినే. కీళ్ళు, వెన్ను, పొట్ట, ఏదైనా కావచ్చు. కుక్క నొప్పికి అరవాలని మనం ఎదురుచూస్తాం. చాలా కుక్కలు అరవవు.

మూడో తేడా కల వచ్చే నిద్ర. కాళ్ళు అదురుతూ, మీసాలు కదులుతూ, సన్నగా మూలుగుతున్నప్పుడు ఊపిరి గతి తప్పుతుంది. కాసేపు గబగబా, కాసేపు ఆగినట్టుగా ఉంటుంది. అది పూర్తయ్యేదాకా ఆగండి. లెక్క మొదలుపెట్టాక 30 సెకన్లు పూర్తిగా లెక్కపెట్టి రెండుతో గుణించండి. 15 సెకన్లకు లెక్కపెట్టి నాలుగుతో గుణించేవారు చాలామంది ఉన్నారు, నాకది ఇష్టం లేదు. ఒక్క ఊపిరి తప్పిపోతే అంకె నాలుగు మారుతుంది. ఫోనులో యాప్‌లు కూడా దొరుకుతాయి. గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే పెన్నుతో రాయడం నా పద్ధతి. ఇంట్లో అందరికీ కనబడుతుంది, మీరు ఊరెళ్ళినా ఇంకొకరు రాస్తారు.

అంకె వచ్చాక ఏమనుకోవాలి? నిద్రలో నిమిషానికి 30 లోపు ఉంటే ఎదిగిన కుక్కకు సరిపోయినట్టే. చాలావాటికి 15 నుంచి 25 మధ్య వస్తుంది. కుక్కపిల్లలకు కొంచెం ఎక్కువ. 30 దాటితే కుక్కను లేపకండి. గంట తరువాత, మళ్లీ గాఢనిద్రలో ఉన్నప్పుడు ఇంకోసారి లెక్కపెట్టండి. రెండోసారీ దాటితే ఆ రోజే పశువైద్యుడితో మాట్లాడండి. దీని మీద ఇంత పట్టుపట్టడానికి కారణముంది. వయసు మళ్లిన పొమేరేనియన్, స్పిట్జ్ వంటి చిన్న జాతుల్లో గుండె కవాటం సరిగా మూసుకోకపోవడం తరచుగా కనిపించే జబ్బు. డాబర్‌మన్‌లలో గుండె కండరమే బలహీనపడుతుంది. ఈ జబ్బులు ముదిరి ఊపిరితిత్తుల్లోకి నీరు దిగడం మొదలైనప్పుడు, కుక్క పగటిపూట మామూలుగానే కనిపిస్తున్నా నిద్రలో ఊపిరి అంకె పెరుగుతూ వస్తుంది. అప్పుడే పట్టుకుంటే మందుతో సర్దవచ్చు.

ఇక ఎదురుచూడకూడని పరిస్థితి. మెడ ముందుకు చాచి, మోచేతులు పక్కలకు ఎడంగా పెట్టి, పడుకోవడానికి ఒప్పుకోకుండా, డొక్కలు ఎగరేస్తూ గాలి లాగుతుంటే లెక్కలు పెట్టవద్దు, తెల్లారేదాకా ఆగవద్దు. బలవంతంగా పడుకోబెట్టకుండా, మూతికి ఏమీ కట్టకుండా, అది ఎలా నిలబడితే అలాగే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇప్పుడు ముక్కు సంగతి. మీరు పంపిన వివరాల్లో ఊపిరి అంకె పక్కన "ముక్కు పొడిగా ఉంది, జ్వరం అనుకుంటాను" అన్న వాక్యం ఎన్నిసార్లు కనబడిందో చెప్పలేను. దీన్ని ఇక్కడితో ఆపాలి. ముక్కు తడికీ జ్వరానికీ సంబంధం లేదు. కుక్క మెలకువగా ఉన్నంతసేపూ ముక్కును నాక్కుంటూ ఉంటుంది, తడికి అది పెద్ద కారణం. నిద్రలో నాక్కోదు, లేచేసరికి ముక్కు పొడిగా ఉంటుంది. ఫ్యాను కింద పడుకుంటే పొడిగా ఉంటుంది. ఏసీ గదిలో, ఎండలో, ముసలితనంలో పొడిగా ఉంటుంది. పగ్ లాంటి చప్పిడి మూతి కుక్కలకు నాలుక సరిగా అందక పొడిగా ఉంటుంది. ఇటువైపు చూడండి, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు వచ్చి జ్వరంతో కాలిపోతున్న కుక్కపిల్ల ముక్కు కారుతూ తడితడిగా ఉంటుంది. తడి ముక్కు చూసి "జ్వరం లేదులే" అని ధైర్యపడితే విలువైన రోజులు పోతాయి. పొడి ముక్కు జ్వరాన్ని చూపించదు, తడి ముక్కు ఆరోగ్యాన్ని చూపించదు.

చెయ్యి వేసి చూడటం కూడా అంతే. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. మనది 98.6. అంటే ఏ జబ్బూ లేని కుక్క చెవిని, పొట్టను ముట్టుకున్నా మన చేతికి వేడిగానే తగులుతుంది. పిల్లవాడి నుదురు చూసినట్టు కుక్క చెవి చూసి జ్వరం అని తేల్చేవారు, రోజూ ఉండే వేడినే జ్వరమంటున్నారు.

తప్పుడు అనుమానం దగ్గరే ఆగితే నేను ఇంత రాసేవాడిని కాదు. అనుమానం తరువాత వచ్చేది మాత్ర. ఇంట్లో మనుషుల కోసం ఉన్న జ్వరం మాత్రలో సగం విరిచి పెరుగన్నంలో కలిపి పెట్టేస్తున్నారు. పారాసిటమాల్ మోతాదు మించితే కుక్క కాలేయాన్ని దెబ్బతీస్తుంది, రక్తం ప్రాణవాయువును మోసే శక్తిని చెడగొడుతుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ అంతకంటే ప్రమాదం. కడుపులో పుండ్లు పడతాయి, నల్లటి విరేచనం అవుతుంది, మూత్రపిండాలు పాడవుతాయి. మన మందుల దుకాణాల్లో పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ కలిపిన మాత్రలు కూడా దొరుకుతాయి, వాటి మీది పేరు చూసి లోపల ఏముందో తెలియదు. వైద్యుడు కుక్క బరువు చూసి, కాలేయం సంగతి తెలుసుకుని ఒక మందు రాయడం వేరు, మనం ఉజ్జాయింపుగా సగం విరవడం వేరు. ఒకవేళ ఇప్పటికే పెట్టి ఉంటే దాచకండి. ఆ మాత్రల పట్టీ వెంట తీసుకెళ్ళి, ఎన్ని ఇచ్చారో, ఎన్ని గంటలకు ఇచ్చారో వైద్యుడికి చెప్పండి. మొహమాటపడి చెప్పకపోతే ఆయన ఇచ్చే రెండో నొప్పి మందు మొదటిదానితో కలిసి ఇంకా నష్టం చేస్తుంది.

జ్వరం ఉందో లేదో చెప్పేది థర్మామీటరే, అదీ మలద్వారంలో పెట్టి చూసినప్పుడే. ఎలా పెట్టాలో మూడో పాఠంలో ఉంది, మళ్లీ రాయను. గంటసేపు విశ్రాంతి తీసుకున్న కుక్కకు 103 దాటితే వైద్యుడికి ఫోను చేయండి, 104 అయితే ఆ రోజే చూపించండి. ఎండలో తిరిగి 106కు చేరితే మామూలు నీళ్ళతో ఒళ్లంతా తడిపి, ఫ్యాను గాలి తగిలేలా ఉంచి, తడుపుతూనే బయలుదేరండి. 99 కంటే తగ్గినా ప్రమాదమే. నిండు చూలుతో ఉన్న కుక్కకు ఈనడానికి ముందు 24 గంటల్లో అంత తగ్గడం మాత్రం సహజం.

చిగుళ్ళకు వద్దాం. పని చిన్నదే. పగటి వెలుతురులో, కిటికీ దగ్గర, పై పెదవిని కోరపన్ను మీద నుంచి మెల్లగా పైకి లేపండి. పసుపు రంగు బల్బు కింద చూస్తే ఏ చిగురైనా కామెర్లలాగే ఉంటుంది. గులాబీ రంగు, తడి, నున్నదనం ఉండాలి. బొటనవేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోటికి 2 సెకన్ల లోపు రంగు తిరిగి రావాలి. వేలికి జిగురుగా, అంటుకున్నట్టు అనిపిస్తే ఒంట్లో నీరు తగ్గిందన్నమాట. మన దేశవాళీ కుక్కల్లో చాలావాటి చిగుళ్ళు నల్లగా ఉంటాయి. అలాంటప్పుడు కింది కనురెప్పను కొంచెం కిందికి లాగి లోపలి పొర రంగు చూడండి.

నీలం రంగు అంటే ప్రాణవాయువు అందడం లేదు, ఇటుక ఎరుపు వడదెబ్బలో కనిపిస్తుంది. రెండింటికీ అప్పటికప్పుడు వైద్యం కావాలి. పసుపు అయితే కాలేయం గానీ, రక్తకణాలు పగిలిపోవడం గానీ. తెలుగు రాష్ట్రాల్లో కుక్కలు పెంచేవారు అన్నింటికంటే ఎక్కువగా భయపడాల్సింది పాలిపోయిన తెలుపుకు. పిడుదులు పట్టిన కుక్క, రెండు మూడు రోజులుగా తిండి తగ్గించి, మెట్లు ఎక్కడానికి వెనకాడుతూ, చిగుళ్ళు తెల్లబడి ఉంటే దాన్ని వేసవి నీరసం అనకండి. పిడుదుల ద్వారా వచ్చే ఎర్లీకియా, బేబీసియా రెండూ ఇలాగే మొదలవుతాయి. ఎర్లీకియాలో ప్లేట్‌లెట్లు పడిపోయి ముక్కు నుంచి రక్తం రావచ్చు. బేబీసియాలో మూత్రం కాఫీ డికాక్షన్ రంగుకు తిరగవచ్చు. రక్తపరీక్షతో తేలుతుంది. రెండింటికీ మందులు వేరు. ఎర్లీకియాకు డాక్సీసైక్లిన్ సాధారణంగా 28 రోజులు వాడాలి, కుక్క వారానికే కోలుకుని గంతులు వేసినా మధ్యలో ఆపకూడదు. పైన చెప్పిన సగం మాత్ర ఇక్కడే ప్రాణం మీదికి తెస్తుంది. వేడి తగ్గుతుంది, కుక్క నాలుగు ముద్దలు తింటుంది, మీరు నిశ్చింతపడతారు, లోపల రక్తం తరిగిపోతూనే ఉంటుంది. అన్నట్టు, పిడుదుల మీద కిరోసిన్ పోయకండి. చర్మానికి ఆనించి పట్టకారుతో పట్టుకుని నిటారుగా లాగండి. చెవుల లోపల, వేళ్ళ సందుల్లో, మెడపట్టీ కింద వెతకండి.

పెదవి ఎత్తనివ్వని కుక్క ఉంటుంది. ముఖం పక్కకు తిప్పుకుని, పెదవి నాక్కుని, బిగుసుకుపోతే అక్కడితో ఆపేయండి. గుర్రుమంటే తిట్టకండి, కొట్టకండి. గుర్రుమనడం తప్పని నేర్పితే, ఈసారి హెచ్చరిక లేకుండా కరుస్తుంది. ఉడికించిన కోడిమాంసం ముక్క పట్టుకుని, మొదటి రోజు చెంప మాత్రం ముట్టుకుని ముక్క ఇవ్వండి. మరుసటి రోజు పెదవి. లేపడం ఆ తరువాతి సంగతి. నిన్నటిదాకా ముట్టనిచ్చి ఇవాళ ఉన్నట్టుండి ఒప్పుకోకపోతే మాత్రం దాని పళ్ళను వైద్యుడికి చూపించండి. మూడేళ్ళు దాటిన కుక్కల్లో పంటి చుట్టూ చిగుళ్ళ జబ్బు రావడం చాలా మామూలు. ఎంత మెత్తని కుక్క అయినా ఇంట్లో పిల్లలను మూతి దగ్గర చెయ్యి పెట్టనివ్వకండి.

అభ్యాసం ఈసారి బరువుగా ఉంటుంది. 14 రాత్రులు వరుసగా నిద్ర ఊపిరి లెక్క, గంటతో సహా రాయాలి. ఆ 14 అంకెలను చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరుసలో పెట్టండి. మధ్యలో ఉన్న ఏడు, ఎనిమిదో అంకెల సగటు మీ కుక్క సొంత అంకె. అది 16 అయితే, రేపెప్పుడో వరుసగా 27 కనిపించినప్పుడు 30 లోపే కదా అని ఊరుకోకుండా ఉంటారు. నాలుగు ఉదయాలు ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళకు చిగుళ్ళ ఫోటో తీసి ఉంచండి. ఆరోగ్యంగా ఉన్నప్పటి ఫోటో పక్కన పెట్టుకుంటే తప్ప "కొంచెం పాలిపోయింది" అన్నది కంటికి ఆనదు. ఒక సాయంత్రం 20 నిమిషాలు కుక్కను పిలవకుండా, ముట్టుకోకుండా కూర్చుని, అది ఆవులించిన, పెదవి నాక్కున్న, ఒళ్ళు దులుపుకున్న ప్రతిసారీ అంతకుముందు గదిలో ఏం జరిగిందో రాయండి. ప్రెషర్ కుక్కర్ కూత, గట్టిగా మూసిన తలుపు, మీద వాలిన పిల్లవాడు, ఏదైనా సరే.

ఆరో పాఠం నీళ్ళు, మూత్రం గురించి. దానికి ముందుగా ఒక పూర్తి రోజు కుక్క తాగే నీటిని కొలవాలి. పొద్దున గిన్నెలో కొలిచి పోయండి, మధ్యలో కలిపినది కూడా రాయండి, మరునాడు అదే వేళకు మిగిలినది తీసేయండి. బరువులో కిలోకు 100 మిల్లీలీటర్లు దాటితే ఆరో పాఠం కోసం ఆగకుండా వైద్యుడికి చూపించండి. గర్భసంచి తీయించని ఆడకుక్క అయి, ఎదకు వచ్చి నెలా రెండు నెలలే అయి ఉంటే ఆ మాట కూడా అక్కడ చెప్పండి, గర్భసంచిలో చీము చేరినప్పుడు కూడా అలాగే తాగుతుంది.