ఇంటి గోడల పూత – 4వ పాఠం: పొడి సిమెంటు చల్లకండి

ఈసారి పైకప్పు లోపలి పూత నేర్పుతానని మాట ఇచ్చాను. అది వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. మూడో పాఠం చదివి పని మొదలుపెట్టినవారు రాయగడ నుంచి, గుణుపూర్ నుంచి, మా పర్లాకిమిడి వీధుల నుంచే ఫొటోలు పంపారు. దాదాపు అన్నింటిలోనూ ఒకటే కనిపించింది: గోడ నిండా సాలెగూడులాంటి సన్నటి పగుళ్లు.

ఇందులో నా తప్పూ ఉంది. "నున్నగా వచ్చేదాకా రుద్దండి" అని రాశాను, ఎప్పుడు ఆపాలో రాయలేదు. రాయగడ తమ్ముడు ఒకరు ఫోనులో దాచకుండా చెప్పారు: నునుపు రాకపోయేసరికి మేస్త్రి సలహా మీద తడి పూతపై గుప్పెళ్లతో పొడి సిమెంటు చల్లి, ఇనుప తాపీతో అద్దంలా మెరిపించారట. అయిదో రోజుకు పగుళ్లు తేలాయి.

సిమెంటు ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది. దాన్ని పట్టి ఆపేది ఇసుక. మనం కలిపిన మాలులో (సిమెంటు, ఇసుక, నీళ్ల ముద్దలో) ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ల ఇసుక ఉంది కాబట్టి లోపలి పొర తక్కువగానే ముడుచుకుంటుంది. మీరు చల్లిన పొడి మాత్రం ఇసుక లేని పలుచని పెంకు అవుతుంది. కింది పొర కదలదు, పై పెంకు ముడుచుకోవాలని చూస్తుంది, చివరికి చిట్లుతుంది. పైగా ఆ పొడి తన కింది మాలులోని నీటిని పీల్చేస్తుంది. నీరు చాలని సిమెంటు సరిగా గట్టిపడదు. అక్కడితోనూ ఆగదు. అంత గట్టి, అంత నున్నని పెంకు మీద లప్పం (రంగుకు ముందు పూసే పుట్టీ) పట్టు దొరకక ఏడాది రెండేళ్లలో పెచ్చులూడుతుంది. ఖర్చు పెట్టి మరీ గోడను పాడు చేసుకోవడమే ఇది. "కొంచెం చల్లితే ఏమవుతుంది?" అని గుణుపూర్ అక్క అడిగారు. కొంచెం చల్లితే పగుళ్లు సన్నగా వస్తాయి, అంతే తేడా. సిమెంటులో కాస్త ఇసుక కలిపి చల్లితే పరవాలేదా అని మరొకరు అడిగారు. వద్దు. పొడిగా ఏదీ చల్లవద్దు.

అతిగా రుద్దినా ఇదే ఫలితం. ఇనుప తాపీతో తడి మాలును పదేపదే నొక్కితే నీరు, సన్నటి సిమెంటు పైకి తేలతాయి. అంటే పొడి చల్లకుండానే ఆ పెంకును మీ చేతితో మీరే తయారుచేస్తారు.

మరి నునుపు ఎలా వస్తుంది? వేళ పట్టుకుంటే వస్తుంది. బద్దతో, అంటే పొడుగాటి తిన్నని పట్టీతో, మట్టం చేశాక చేతులు కట్టుకుని ఆగండి. బొటనవేలితో నొక్కి చూడండి. వేలు దిగబడి తడి అంటితే ఇంకా వేళ కాలేదు. గుర్తు మాత్రం పడి, వేలికి తడి అంటకపోతే రుద్దుడు చెక్కతో గుండ్రంగా రుద్దండి. అసలు గుర్తే పడకపోతే వేళ దాటినట్టు. మే నెలలో పర్లాకిమిడిలో ఆ వేళ త్వరగా వస్తుంది, కోరాపుట్ కొండల్లో చలికాలం చాలాసేపు కాచుకోవాలి. అందుకే గడియారం చూసి చెప్పను. గుంటలు కనిపిస్తే సన్న జల్లెడ పట్టిన ఇసుకతో అదే పాళ్ల మాలు కలిపి నింపండి. నా పద్ధతి చెక్క రుద్దుడుతో, తడి పిండేసిన స్పాంజి ఒక్కసారి తిప్పడంతో ముగుస్తుంది. ఇనుప తాపీ లోపలి గోడ మీద నేను వాడనే వాడను. చివరి నునుపు లప్పం పని. గోడ బాగా ఆరాక, నేనైతే 28 రోజులు ఆగాక, లప్పం పెడతాను.

ఇసుక సంగతి. మహేంద్రతనయదైనా, వంశధారదైనా, నాగావళిదైనా, వానల తరువాత వచ్చే ఇసుకలో ఒండ్రు ఎక్కువ. మన దుకాణాల్లో "బాలి" అని ఒడియాలో అడిగినా ఇచ్చేది అదే. గాజు సీసాలో సగం ఇసుక పోసి, చిటికెడు ఉప్పు కలిపిన నీళ్లు నింపి, బాగా కుదిపి మూడు గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక పైన పేరుకున్న మట్టి పొర ఇసుక మందంలో 8 శాతం దాటితే కడిగి వాడండి. ఒండ్రు కూడా పగుళ్లకు కారణమే.

పూత మందం 12 మిల్లీమీటర్లు చాలు. గోడ వంకరగా ఉందని ఒకేసారి 25 మిల్లీమీటర్లు వేసినవారు దాన్ని రెండు పొరలుగా వేసి ఉండాల్సింది. తట్టితే గుల్ల చప్పుడు వచ్చిన చోట చెక్కి తీసేయండి, మరో దారి లేదు. బీము, ఇటుక కలిసే గీత వెంట వచ్చిన పొడుగు పగులు వేరు జాతిది. అక్కడ పూతకు ముందే రెండు వైపులా 15 సెంటీమీటర్లు పరుచుకునేలా ఇనుప జాలి కొట్టాలి. నీళ్లు కలిపి గంట దాటిన మాలును మళ్లీ నీళ్లు పోసి వాడకండి. నీళ్లు పట్టడం, అంటే పూతను తడుపుతూ ఉండటం, ఏడు రోజులు, అది మీకు తెలుసు.

అభ్యాసం: పెరటి గోడ మీద అడుగు చదరాలు మూడు వేయండి. ఒకదానిపై పొడి సిమెంటు చల్లండి, రెండోదాన్ని ఇనుప తాపీతో అతిగా రుద్దండి, మూడోదాన్ని పైన చెప్పిన వేళకు చెక్కతో ముగించండి. మూడింటికీ ఏడు రోజులు సమానంగా నీళ్లు పట్టండి. 28వ రోజున మూడింటినీ తడిపి, ఆరుతుండగా చూడండి. తడి పగుళ్లలో చివరిదాకా నిలుస్తుంది కాబట్టి కంటికి ఆనని గీతలు కూడా బయటపడతాయి. ఆ ఫొటోలు పంపినవారికి పైకప్పు పాఠం ముందుగా పంపుతాను.