జన్మరత్నాన్ని ఎంచుకునే విధానం

పుట్టినరోజు కానుకగా రాతి ఉంగరం చేయించదలచినవారు తిరుపతి గాంధీ రోడ్డులోని నగల దుకాణం మెట్లెక్కే ముందే ఒక విషయం తేల్చుకోవాలి: తాము పాటించబోయేది ఇంగ్లీషు నెలల పట్టికనా, నవగ్రహాల లెక్కనా? జనవరికి గార్నెట్, జులైకి కెంపు, సెప్టెంబరుకు నీలం అని చెప్పే పట్టికను అమెరికా నగల వర్తకుల సంఘం 1912లో స్థిరపరచింది. 1967లో టాంజానియాలో బయటపడిన టాంజనైట్‌ను 2002లో డిసెంబరుకు చేర్చారు. దానికి పురాణగాథ వెదకనక్కరలేదు.

మన లెక్కకు ఇంగ్లీషు నెలతో పని లేదు. ఇరవై ఏడు నక్షత్రాలను తొమ్మిది గ్రహాలకు మూడేసి చొప్పున పంచారు కనుక, జన్మనక్షత్రం తెలిస్తే అధిపతి తెలుస్తాడు, అధిపతిని బట్టి రాయి తెలుస్తుంది. రోహిణి, హస్త, శ్రవణం చంద్రునివి, ఆయన రత్నం ముత్యం; కృత్తిక, ఉత్తర, ఉత్తరాషాఢ సూర్యునివి, ఆయన రత్నం కెంపు. ఈ లెక్కన శ్రవణా నక్షత్రపు శ్రీనివాసునికి ముత్యం, ఉత్తరాషాఢలో అవతరించిన తిరుచానూరు అమ్మవారికి కెంపు వస్తాయి. ఈ ఊరివారికి గుర్తుంచుకోవడానికి ఇంతకన్నా తేలికైన ఉదాహరణ లేదు. కుజునికి పగడం, బుధునికి పచ్చ, గురునికి కనకపుష్యరాగం, శుక్రునికి వజ్రం, శనికి నీలం, రాహుకేతువులకు గోమేధికం, వైడూర్యం. అయితే జాతకం చూసేవారిలో చాలామంది నక్షత్రంతో ఆగక లగ్నాధిపతిని, అంటే పుట్టిన వేళ తూర్పున ఉదయిస్తున్న రాశికి అధిపతైన గ్రహాన్ని, బట్టి రాయి చెబుతారు కాబట్టి, ఏ ఆధారంతో చెప్పారో అడిగి తెలుసుకోవాలి.

రెండు పట్టికలను కలిపితేనే చిక్కు వస్తుంది. సెప్టెంబరులో పుట్టిన అమ్మాయికి ముచ్చటపడి నీలపు ఉంగరం తెస్తే, అది శని రాయి కనుక ఇంట్లో పెద్దవాళ్లు ఉలిక్కిపడతారు. నీలాన్ని మూడు రాత్రులు తలగడ కింద పెట్టుకుని, పీడకలలు రాకపోతేనే ధరించాలన్న ఆచారం ఆ భయం నుంచి పుట్టినదే. నిజానికి కెంపు, నీలం రెండూ కురువిందమనే ఒకే ఖనిజం. క్రోమియం చేరితే ఎర్రన, ఇనుము, టైటానియం చేరితే నీలం. అయినా కానుక ఇచ్చేది సంతోషపెట్టడానికే కనుక, పెద్దల మాట ముందుగా కనుక్కోవడం మేలు. నవంబరు రాయి టోపాజ్‌ను పుష్యరాగమని అనువదించడం మరొక పొరపాటు. గురుగ్రహానికి చెప్పే కనకపుష్యరాగం పసుపు రంగు కురువిందం. టోపాజ్ వేరే ఖనిజం, ధర కూడా వేరు.

రాయితో పాటు దాని కథను కూడా చెప్పి ఇస్తే కానుకకు నిండుదనం వస్తుంది. గరుడ పురాణం ప్రకారం బలాసురుని శరీరమే రత్నాలైంది: రక్తం కెంపులు, దంతాలు ముత్యాలు, ఎముకలు వజ్రాలు, కన్నులు ఇంద్రనీలాలు. అతని పిత్తాన్ని వాసుకి తీసుకుపోతుండగా గరుత్మంతుడు అడ్డగించడంతో అది జారిపడి పచ్చ అయిందట. పచ్చకు గారుత్మతమన్న పేరు అందుకే. స్వాతి చినుకు ముత్యపు చిప్పలో పడితే ముత్యమవుతుందన్న మాట తెలియనివారుండరు.

కొనేటప్పుడు హాల్‌మార్కును చూసి రాయిని నమ్మకూడదు. 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరైన ఆరక్షరాల గుర్తింపు సంఖ్య బంగారం స్వచ్ఛతకే గాని రాయికి కాదు. రాయికి ప్రయోగశాల పత్రం వేరుగా అడగాలి. అది సహజమైనదా, వేడి చేసినదా, పగుళ్లలో గాజు నింపినదా అన్నది అందులో ఉండాలి. పాలలో వేసి చూసే పరీక్షతో ఇవేవీ తేలవు. బరువును క్యారెట్లలో రాయించుకోవాలి. ఒక క్యారెట్ 200 మిల్లీగ్రాములు.

ధారణకు ముందు పంచామృతంలో నానబెట్టే అలవాటును మాత్రం ముత్యం, పగడాల విషయంలో మానుకోవాలి. పెరుగులోని పులుపు వాటి మెరుపును తినేస్తుంది. పచ్చలకు సాధారణంగా నూనె పట్టిస్తారు కనుక వేడినీరు పనికిరాదు. పాలచుక్కతో తాకించి, మెత్తని తడిగుడ్డతో తుడిచి, దేవుని ముందు పెట్టి తొడిగించవచ్చు.