నేలవేములో చేదు ఉంది, స్ఫటికమే రావట్లేదు: ఎక్కడ తేడా కొట్టింది?

నేలవేము చేదులో పెద్ద వాటా ఆండ్రోగ్రాఫోలైడ్ అనే పదార్థానిది. ఆకుపొడిని మెథనాల్‌లో నానబెట్టి సారం తీసి, సిలికా పొడి నింపిన గాజు గొట్టం (కాలమ్) గుండా ద్రావణితో దించి దీన్ని వేరుచేస్తాం. దాన్ని కడపలో, అదీ వేసవిలో విడదీయబోతే వచ్చే ఇబ్బందులు ఇవి.

కాలమ్‌లో బుడగలు, పగుళ్లు. రంగు పట్టీలు వంకరగా దిగడం

మే నెలలో అందరినీ ఏడిపించేది ఇదే. కాలమ్‌లో పోసే ద్రావణి డైక్లోరోమీథేన్ 39.6 డిగ్రీలకే మరుగుతుంది. బయట 42 ఉన్న రోజు, ఏసీ లేని ల్యాబులో అది సిలికా మధ్యలోనే ఆవిరవుతుంది. చాలామంది సిలికా మంచిది కాదనుకుని డబ్బా మారుస్తారు. తప్పు దానిది కాదు. 61 డిగ్రీలకు మరిగే క్లోరోఫామ్ వాడండి, తప్పనిసరిగా ఫ్యూమ్ హుడ్‌లోనే (ఆవిర్లను బయటికి లాగే గూడు). లేదంటే తెల్లవారుజామునే మొదలుపెట్టండి. నేను రెండు వేసవులు అలాగే నెట్టుకొచ్చాను. ద్రావణిలో కలిపే మెథనాల్ ఒక్కసారిగా పెంచినా సిలికా వేడెక్కి పగులుతుంది. 1, 2, 5 శాతం, అలా మెల్లగా పెంచండి. పగిలిన కాలమ్‌ను మాత్రం నమ్ముకోవద్దు. అందులోంచి దిగిందంతా కలిపి ఆరబెట్టి, కొత్త కాలమ్ వేయండి.

సారమంతా పచ్చటి జిగురు

పత్రహరితం, మైనం. మెథనాల్ పోయకముందే ఆకుపొడిని హెక్సేన్‌తో కడగండి. అప్పటికీ పసరు వదలకపోతే, ఆరిన సారాన్ని టోలుయీన్‌తో కడిగి, వేడి మెథనాల్‌లో కరిగించి చల్లార్చండి. బొగ్గుపొడి ఎక్కువ వేయొద్దు, రంగుతోపాటు మన పదార్థాన్నీ పట్టేసుకుంటుంది.

టీఎల్‌సీ ప్లేటు (పదార్థాలను చుక్కలుగా విడదీసి చూపే సిలికా పూత పలక) మీద చుక్క లేదు

366 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిలో వెతుకుతుంటే దొరకదు, ఇది అక్కడ మెరవదు. 254లో నల్లగా కనిపిస్తుంది. ఇలాంటి లాక్టోన్లను రంగుతో పట్టించే కెడ్డే కారకం చల్లితే ఊదారంగు వస్తుంది.

దిగుబడి మరీ తక్కువ

ఆకు ఎప్పుడు కోశారు? గింజ కట్టాక చేదు తగ్గుతుంది, పూత మొదలయ్యే వేళ కోయాలి. మొక్క అదేనా? నల్లమలలో ఇదే ప్రజాతికి చెందిన ఆండ్రోగ్రాఫిస్ నల్లమలయానా కూడా ఉంది. పొడి కొట్టకముందే పూలకొమ్మను అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోట) చూపించండి. పొడి చేశాక మొక్కను గుర్తుపట్టడం చాలా కష్టం.

తెల్లటి స్ఫటికం వచ్చింది, ఎన్ఎంఆర్ (అణువు నిర్మాణం చూపే పరీక్ష) సరిపోలట్లేదు

ముందు ద్రవీభవన స్థానం చూడండి. 230 డిగ్రీల దగ్గర కరిగితే ఆండ్రోగ్రాఫోలైడ్ అని ఆశపడొచ్చు. 140లోపే కరిగితే చాలావరకు బీటా సిటోస్టెరాల్, దాదాపు ప్రతి మొక్కలోనూ ఉండేదే. ఎన్ఎంఆర్‌కు డ్యూటీరియం ఉన్న డీఎంఎస్ఓ ద్రావణి వాడండి, క్లోరోఫామ్‌లో ఇది సరిగా కరగదు. ఎన్ఎంఆర్‌లో 7.5, 7.7 పీపీఎం దగ్గర జంట శిఖరాలు, అణువుల బరువు తూచే మాస్ పరీక్షలో 149 కనిపిస్తే అది మొక్కది కాదు, ప్లాస్టిక్‌ను మెత్తబరిచేందుకు కలిపే థాలేట్, ప్లాస్టిక్ నుంచి దిగింది. ద్రావణిని స్వేదనం చేసి, గాజు సీసాల్లోనే సేకరించి మళ్లీ తీయించండి.